మూడువేల వెలుగు

కాగడా పెట్టి వెతికినా ఇలాంటి అల్లుడు దొరకడని పెళ్ళి రోజున మా అక్క అంది. నిజమే. ఊళ్ళో కాగడాలన్నీ ఆయన అల్మారాలోనే ఉంటే ఇంకెవరు దేంతో వెతుకుతారు?

నేను చెప్పేది మా అమ్మాయి కాన్పయిన వానకాలం సంగతి. మావారు పోయాక నేను అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. అల్లుడింట్లో ఉండే అత్త నోరు ఎంతవరకు తెరవాలో నాకొకరు నేర్పక్కర్లేదు. పైకి "బాబూ" అనేదాన్ని, "మీరు" అనేదాన్ని. లోపల అనుకునేవి లోపలే అనుకునేదాన్ని. ఇవి ఆ లోపలివి.

అల్లుడు లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. పొద్దున వెళ్ళి, ఇంకా వెలుతురుండగానే ఇల్లు చేరే ఉద్యోగం. అడవుల్లో తిరగడు, బావుల్లోకి దిగడు. రాత్రి మంచినీళ్ళు కావలసినా తను లేవడు, మా అమ్మాయిని లేపుతాడు. అలాంటి మనిషికి అల్మారా నిండా టార్చిలైట్లు. వేలంతది, మోచెయ్యంతది, మెడలో వేలాడేది, నుదుటికి కట్టుకునేది. మావారున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఒక్కటే టార్చి ఉండేది. కరెంటు పోతే దాన్ని వెతకడానికి అగ్గిపుల్ల గీసేవాళ్ళం. అయినా మేమెవరం చీకట్లో కాలు విరగ్గొట్టుకోలేదు.

పోనీ వెలుగు కోసమా ఈ పిచ్చి అంటే, అదీ కాదు. రంగు కోసం.

"అన్నీ తెల్లగానే ఉన్నాయి కదా బాబూ" అన్నానొకసారి, అల్మారా తుడుస్తూ. ఆయన నా వంక జాలిగా చూశాడు. చదువు రానివాళ్ళను చదువుకున్నవాళ్ళు అలా చూస్తారు, నాకా చూపు బాగా తెలుసు.

"తెలుపంటే ఒకటి కాదత్తయ్యా. ప్రతి ఎల్‌ఈడీకీ ఒక అంకె ఉంటుంది. ఆరున్నర వేలంటే నీలం కొట్టే తెలుపు, శవం మొహం మీద వేసినట్టుంటుంది. అయిదువేలు మిట్టమధ్యాహ్నం. నాలుగు పరవాలేదు. ఇక మూడువేలంటే..." అని ఆగి గుటక వేశాడు. "మూడువేలంటే తేనె."

"అంకె పెరిగేకొద్దీ వేడి పెరగాలి కదా బాబూ?"

"కాదు. చూపుకి అంకె పెరిగేకొద్దీ చల్లన, తగ్గేకొద్దీ వెచ్చన."

పెరిగితే చలి, తగ్గితే వేడి! లారీలను కూడా ఈ లెక్కనే తూస్తున్నాడేమోనని నాకు దిగులు పట్టుకుంది.

ఆయనొక్కడే అయితే ఒంటి పిచ్చి అనుకుని ఊరుకుందును. ఆదివారం సాయంత్రాలు ముందుగదిలో సభ జరిగేది. సభకు పెద్ద ఒక పళ్ళ డాక్టరు. ఆయన తరవాత ఫోటో స్టూడియో ఆయన. ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చేవారు గానీ వాళ్ళ మొహాలు నాకు తెలియవు, లైట్లన్నీ ఆర్పేసి కూర్చునేవారు కనక. సున్నం కొట్టిన గోడ మీద వంతుల వారీగా టార్చి వేసేవారు. గుండ్రంగా వెలుగు పడేది. సంతలో గేదె పళ్ళు చూసేవాళ్ళలా అందరూ తలలు వంచి దాన్ని పరీక్ష చేసేవారు.

"అంచు ఆకుపచ్చ కొడుతోంది" అనేవాడు పళ్ళ డాక్టరు.

"లేదండీ, గులాబీ" అనేవాడు స్టూడియో ఆయన.

"ముప్పై ఏళ్ళుగా పళ్ళ రంగు చూస్తున్న కన్నండీ ఇది!"

"అయితే గోడకి పళ్ళు కట్టండి, ఒప్పుకుంటాను."

మా అల్లుడు ఇద్దరి మధ్యా కూర్చుని "ఆకుపచ్చే, కానీ గులాబీలోకి జారుతున్న ఆకుపచ్చ" అని తీర్పు చెప్పేవాడు. ఇంట్లో ఆయన మాటకు అంత విలువ దొరికే చోటు అదొక్కటే. మా అమ్మాయి లోపల మంచం మీద నడుం వాల్చి నవ్వుకునేది. "పోనీలే అమ్మా, తాగుడు కాదు, పేకాట కాదు" అనేది. తాగేవాడికి తెల్లారేసరికైనా దిగుతుందని నేను అనలేదు.

అమ్మాయికి అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోది, నెలలు నిండుతున్నాయి. ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది, ఒక్క ముందుగది తప్ప.

వానలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం పళ్ళ డాక్టరు నిలువునా తడిసి గుమ్మంలోకి వచ్చాడు. ఆదివారం కూడా కాదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆపేశారు" అన్నాడు.

నేను గరిటె పట్టుకునే ముందుకొచ్చాను. "ఎవరికండీ? మందులు ఆపేశారా?"

"మూడువేలమ్మా. కంపెనీ చెయ్యడం ఆపేసింది. ఇక రాదు."

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. కబురు అందుకుని స్టూడియో ఆయన కూడా వచ్చి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను టీ తెచ్చి ఇచ్చాను, చావింట్లో ఇచ్చినట్టు చప్పుడు కాకుండా.

"ఎందుకాపారట?" అన్నాడు అల్లుడు చివరికి.

"కొనేవాడు లేడట. జనానికి భళ్ళుమని కొట్టే ఆరున్నర వేలే కావాలట. కళ్ళు లేని జనం!" డాక్టరు కప్పు బల్ల మీద గట్టిగా పెట్టాడు. "ఉన్నది ఉన్నట్టు ఏరి తెచ్చుకోవాలి. అంతే ఇక."

ఆ వారం నుంచి వేట మొదలైంది. కాటా దగ్గర సెలవు పెట్టి మరీ తిరిగాడు మా అల్లుడు. మూలనపడ్డ కరెంటు సామాన్ల దుకాణాల్లో దుమ్ము డబ్బాలు కిందికి దింపించి, మూడువేల అంకె ఉన్న ఎల్‌ఈడీ బల్బూ, టార్చీ దేన్నీ వదల్లేదు. ఇంట్లో ఉన్న తెల్ల టార్చిలన్నీ, ఫోటోల పనికి తెల్లవి కావలసిన స్టూడియో ఆయనకిచ్చి బదులుగా తేనెవి తెచ్చుకున్నాడు. పెళ్ళానికి ఆసుపత్రిలో రాసిన బలం మాత్రలు తెమ్మంటే మాత్రం మూడు రోజులు మరచిపోయాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. వాళ్ళ సభలో ఒక నియమం ఉందట. దాని పేరు కంటి పథ్యం. ఇంట్లో తెల్ల దీపం కింద కూర్చుంటే కన్ను మొద్దుబారిపోతుందట, సన్న తేడాలు పట్టలేదట. అందుకని ఇంట్లో ఒక్క రకం వెలుగే ఉండాలట. ఇది పెట్టినవాడు పళ్ళ డాక్టరు. పళ్ళు పీకే కుర్చీ మీద మాత్రం ఆయనది ధగధగలాడే తెల్ల దీపమే. పథ్యం ఎప్పుడూ పక్కవాడికే కదా.

ఒక పూట మా అమ్మాయి నిండు కడుపుతో స్టూలు పట్టుకుని నిలబడింది. ఈయన పైకెక్కి ట్యూబులైటు విప్పుతున్నాడు.

"స్టూలు నేను పట్టుకుంటాను, నువ్వు కూర్చోవే" అన్నాను.

"ఫరవాలేదత్తయ్యా, అయిపోయింది" అన్నాడు పైనుంచి.

వంటింట్లో, వసారాలో, స్నానాలగదిలో, చివరికి ఫ్రిజ్‌లో కూడా బల్బులు మార్చాడు. ఫోన్లకు ఉండే టార్చి మీద తేనెరంగు కాగితం ముక్కలు గోరుతో గీకినా రానంత గట్టిగా అంటించాడు. ఇల్లు లడ్డూ పెట్టెలా తయారైంది. పాలు పాలలా లేవు, ఉప్పు ఉప్పులా లేదు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. మనుషులం అందరం బాగున్నాం. నా మొహం మీద ముడతలు కనపడలేదు. అమ్మాయి కళ్ళ కింద నలుపు కనపడలేదు. గోడల పగుళ్ళు కూడా కనపడలేదు. ఇలాంటి వెలుగును కాదనేవాళ్ళు ఎవరుంటారు?

జోరున వాన కురుస్తున్న రోజు బాబు పుట్టాడు. ఏడుపు విని నేను ఆసుపత్రి వసారాలో గోడకానుకుని కూర్చుండిపోయాను. అంతా బాగుందని చెప్పి మర్నాడే ఇంటికి పంపారు. తల్లినీ బిడ్డనీ చూడటానికి నర్సు ఇంటికే వస్తుందన్నారు.

ఇంటికి రాగానే మా అల్లుడు చేసిన మొదటి పని ఆ గది కిటికీలకు దళసరి కర్టెన్లు కట్టడం.

"కాస్త వెలుతురు రానివ్వండి బాబూ" అన్నాను.

"బయటున్నది వెలుతురు కాదత్తయ్యా. మబ్బు పట్టిన పగలు ఏడువేలు దాటుతుంది. పసివాడు కళ్ళు తెరిచి మొదట చూసేది ఆ చావు రంగా?"

పగటికి కూడా వంక పెట్టినవాణ్ణి ఆయన్నే చూశాను. అయితే చలిగాలి కొడుతోంది, జల్లు లోపలికి వస్తోంది, మూసి ఉంటేనే మంచిదని నేనూ సరిపెట్టుకున్నాను.

తేనెరంగు గదిలో తేనెరంగు దుప్పటి మీద బాబు పడుకుని ఉండేవాడు. "ఎంత మంచి రంగో చూడమ్మా" అనేది అమ్మాయి. బంగారు తండ్రి అన్నాను నేను. ఇరుగు పొరుగు వచ్చి పుత్తడి బొమ్మ అన్నారు. ఆదివారం సభ సభంతా కదిలి వచ్చి గుమ్మంలో నిలబడింది. పళ్ళ డాక్టరు బాబును కాదు, ముందు పైన బల్బును చూశాడు.

"చూశారా," అన్నాడు స్టూడియో ఆయనతో, "చర్మం ఎంత నిజంగా కనపడుతోందో! ఇదే ఆరున్నర వేలైతే పిల్లవాడు సున్నం ముద్దలా ఉండేవాడు."

"ఫోటో తీస్తే ఒక్క రంగు దిద్దక్కర్లేదు" అన్నాడు స్టూడియో ఆయన.

మా అల్లుడు పొంగిపోయాడు. కొడుకును కన్నందుకో, బల్బు దొరికినందుకో చెప్పడం కష్టం.

బాబు ఎక్కువగా నిద్రపోయేవాడు. "ఎంత బుద్ధిమంతుడో, ఏడుపే లేదు" అనేవాడు ఈయన. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. తరవాత అమ్మాయి నన్ను పిలిచి, "రొమ్ము పట్టట్లేదమ్మా. రెండు గుక్కలు తాగి వదిలేస్తున్నాడు" అంది. అరికాలి మీద చిటికెలు వేశాను. చెవి నిమిరాను. కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూశాడు. తడిబట్టతో ఒళ్ళు తుడిస్తే మూలిగాడే గానీ ఏడవలేదు. అమ్మాయి మొహం చూస్తే పోయిన రెండూ దాని కళ్ళలో కనపడ్డాయి.

"బాబూ, డాక్టరుకి చూపిద్దాం" అన్నాను.

"ఈ వానలో ఎక్కడికత్తయ్యా? రేపు నర్సు ఎలాగూ వస్తుంది కదా."

నర్సు వచ్చింది. పొట్టి మనిషి, గొడుగు తిరగబడి సగం తడిసింది. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళి అటూ ఇటూ చూసింది.

"ఏంటమ్మా ఇది, ఇల్లంతా పసుపే? నా చెయ్యి చూసుకుంటే నాకే కామెర్లున్నట్టుంది."

"మూడువేలు సిస్టర్," అన్నాడు అల్లుడు ఉత్సాహంగా. "ఇప్పుడెక్కడా దొరకట్లేదు. కంపెనీ ఆపేసింది."

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. బాబు ముక్కు మీద వేలు పెట్టి నొక్కి తీసింది. నొక్కినచోట రంగు చూసి, వాడి ఛాతీ మీద కూడా నొక్కింది. మొహం చిట్లించింది.

"పాలు బాగా తాగుతున్నాడా?"

"లేదండీ" అంది అమ్మాయి.

"కాస్త టార్చి ఇవ్వండి. నా ఫోను వానలో తడిసి చచ్చింది."

నా జీవితంలో అల్లుడు అంత హుషారుగా లేవడం చూడలేదు. ఒకటి తెచ్చి ఇచ్చాడు. నర్సు వేసి చూసింది.

"ఇది పసుపండీ. తెల్లది ఇవ్వండి."

ఇంకొకటి తెచ్చాడు. అదీ అదే. మరొకటి తెచ్చాడు. ఒకటి ఆమె చేతిలో ఉండగానే ఇంకొకటి అందిస్తున్నాడు. మంచం మీద టార్చిలు పోగయ్యాయి.

"ఇంత పెద్ద సామాను పెట్టుకుని ఒక్క తెల్ల టార్చి లేదా?" అంది నర్సు.

ఆయన అల్మారా ముందు నిలబడిపోయాడు. ఇంకా వెతుకుతున్నట్టు చేతులు కదులుతున్నాయి గానీ, లేదని ఆయనకు తెలుసు.

నర్సు బాబును దుప్పటితో సహా ఎత్తుకుంది. గది దాటి, ముందుగది దాటి, వీధి గుమ్మంలోకి నడిచింది. వెనకాలే మేమూ వెళ్ళాం. జల్లు పడకుండా తన వీపు అడ్డం పెట్టి, బాబు మొహం బయటి వెలుతురు వైపు తిప్పింది. మబ్బు వెలుతురు. ఏడువేలు.

బాబు పచ్చగా ఉన్నాడు. నిమ్మపండు తొక్కలా. కనురెప్ప కొంచెం పైకి లాగితే కంటి తెలుపు కూడా అంతే.

నర్సు రెప్ప వదిలి దుప్పటి మళ్ళీ కప్పింది. "బండి పిలవండి" అంది.

ఆసుపత్రిలో వాణ్ణి బట్టలు విప్పి, కళ్ళకు గంత కట్టి, నీలం దీపాల కింద గాజుపెట్టెలో పడుకోబెట్టారు. నీలమంటే మామూలు నీలం కాదు. గదంతా, నర్సుల బట్టలంతా, గోడలంతా అదే. పుట్టిన పిల్లల్లో పచ్చకామెర్లు మామూలేనని, ఎక్కువైతే ఈ దీపాలు దించుతాయని పెద్ద డాక్టరు చెప్పాడు.

"దిగకపోతే?" అంది అమ్మాయి.

"మెదడుకు ఎక్కుతుంది. దిగుతుందిలే అమ్మా. కానీ ఇంత ముదిరేదాకా ఇంట్లో ఒక్కరికీ కనపడలేదా?"

ముగ్గురం ఉన్నాం అక్కడ. పిల్లల్ని కని పెంచిన నేను కూడా ఉన్నాను.

అమ్మాయిని గాజు అవతల కుర్చీలో కూర్చోనిచ్చారు. మా అల్లుడు ఇవతల నిలబడ్డాడు. ఆయన మొహం మీద కూడా ఆ నీలం పడుతోంది. దీపాలు సరిచేసే మనిషి బయటికి వస్తే అతన్ని ఆపాడు.

"ఈ రంగు అంకె ఎంతండీ?"

"అంకేంటి?"

"దీపానికి అంకె ఉంటుంది కదా, వేలల్లో."

ఆ మనిషి ఈయన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "దీనికి అట్లాంటివేం లేవండీ. పిల్లాడి కింద బట్ట తడిసింది, పొడిది తెచ్చివ్వండి" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పళ్ళ డాక్టరు ఫోను చేశాడు. నేనూ, కాళ్ళు చాపుకోవడానికి బయటికి వచ్చిన అమ్మాయీ బెంచీ మీద ఉన్నాం. ఈయన మా పక్కనే మాట్లాడాడు. డాక్టరుది పెద్ద గొంతు, అన్నీ వినపడ్డాయి.

"అయ్యో, అలాగా! ఏ దీపం కింద పెట్టారు?"

"నీలం."

అవతల నాలుక చప్పరించడం వినపడింది. "కళ్ళకి గంతలు కట్టారా?"

"కట్టారండీ."

"మంచిది. కన్ను ముఖ్యం. అన్నట్టు ఒక దుకాణం మూసేస్తున్నారు, అక్కడ పెట్టెడు మూడువేలు బయటపడ్డాయి. ఇవే ఆఖరివి. స్టూడియో ఆయన మొత్తం కావాలంటున్నాడు. మీ మాటేంటి?"

"నాకొద్దండీ. ఆయనకే ఇచ్చెయ్యండి" అన్నాడు మా అల్లుడు.

మొదటిసారి ఆయన్ని మెచ్చుకోవాలనిపించింది. నోరు తెరవబోయాను కూడా.

"ఒక అరడజను మాత్రం పక్కన పెట్టండి" అన్నాడు.

అమ్మాయి లేచి నిలబడింది. అరవలేదు. నా వైపు తిరిగి, "అమ్మా, ఇంటికెళ్ళాక ఆ కర్టెన్లు నువ్వు విప్పు. స్టూలు ఆయన పట్టుకుంటారు" అంది. తరవాత మళ్ళీ గాజు గదిలోకి వెళ్ళిపోయింది.

నీలం దీపాలు పచ్చదనాన్ని మెల్లమెల్లగా లాగేశాయి. బాబు ఒకనాడు ఆసుపత్రి పైకప్పు లేచిపోయేలా ఏడిచాడు. అంత కమ్మని ఏడుపు నేను వినలేదు. ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

కర్టెన్లు విప్పాను. ట్యూబులైట్లు మళ్ళీ ఎక్కాయి. అమ్మాయి చెప్పకుండానే ఆయనే తెచ్చి బిగించాడు. స్విచ్చి వేస్తే ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. గోడ మీద చెమ్మ, మూలల్లో బల్లి రెట్టలు, నా ముడతలు, పీక్కుపోయిన అమ్మాయి చెక్కిళ్ళు. అందరం రైలు తప్పిపోయిన మనుషుల్లా ఉన్నాం. బాబు ఒక్కడే మనిషి రంగులో ఉన్నాడు.

ఆదివారం సభ వచ్చింది. పళ్ళ డాక్టరు గడప అవతలే ఆగి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇదేంటయ్యా, ఇల్లా బస్టాండా? ఇన్నాళ్ళ పథ్యం నాశనం! మా కళ్ళేం కాను?"

"లోపలికి రండి డాక్టరు గారూ," అంది మా అమ్మాయి లోపలి నుంచి. "కళ్ళున్నవాళ్ళకి కదా చెడేది."

స్టూడియో ఆయన కిసుక్కుమన్నాడు. అప్పుడు మా అల్లుడు ఎవరూ అనుకోని పని చేశాడు. ఉయ్యాలలోంచి బాబును ఎత్తుకుని గుమ్మంలోకి వెళ్ళి వాళ్ళ ముందు పట్టుకున్నాడు.

"చూడండి. మీవి అలవాటైన కళ్ళు కదా. వీడి రంగు సరిగ్గా ఉందా? పచ్చగా ఏమైనా ఉన్నాడా?"

ఇద్దరూ తలలు ముందుకు వంచారు.

"కొంచెం గులాబీ" అన్నాడు స్టూడియో ఆయన.

"చెవి అంచు చూడండి, ఆకుపచ్చ లేదూ?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"అది చొక్కా నీడ."

"నీడకి రంగుండదని ఎవరన్నారు మీకు?"

మా అల్లుడు ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూస్తున్నాడు, జడ్జి ముందు నిలబడ్డవాడిలా. వాళ్ళు బాబును మరచిపోయి చొక్కాలోకి దిగారు. అమ్మాయి వచ్చి పిల్లవాణ్ణి ఆయన చేతుల్లోంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. సభ ఆ తరవాత స్టూడియో ఆయన ఇంటికి మారింది. ఈయన అప్పుడప్పుడు వెళ్తాడు. వెళ్ళి ఏం తీర్పు చెప్తాడో నాకు తెలియదు. ఇంట్లో మాత్రం ఆయన రంగు మాట ఎత్తడు. చొక్కా కొనుక్కున్నా ఇది ఏ రంగని అడుగుతాడు.

బాబుకి ఇక భయం లేదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. వాడిప్పుడు బోర్లాపడి నేలంతా దేకుతున్నాడు. అయినా రోజూ పొద్దున్నే, కాటాకు బయల్దేరే ముందు, ఆయన వాణ్ణి ఎత్తుకుని వీధి గుమ్మంలోకి వస్తాడు. భార్యను అడగడు. అడిగినా అది చెప్పదు.

"అత్తయ్యా, ఒక్కసారి చూస్తారా?"

చేతిలో పని వదిలి వెళ్తాను. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటాను. నర్సు చేసినట్టు ముక్కు మీద వేలు నొక్కి తీస్తాను. కనురెప్ప లాగి చూస్తాను. వాడు నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంటాడు. వాడు బాగానే ఉన్నాడని నాకు ఆమడ దూరం నుంచే తెలుసు. అయినా అటు తిప్పి ఇటు తిప్పి, చెవి వెనక చూసి, అరికాళ్ళు చూసి, మళ్ళీ మొహం చూస్తాను. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటాడు.

కాసేపు అలాగే నిలబడనిస్తాను. ఆ తరవాతే "బాగానే ఉన్నాడు బాబూ" అంటాను.